పార్కులో టైమ్ ట్రయల్: మొదటి చుట్టులో ఉన్న వేగం చివరి చుట్టు దాకా నిలవాలంటే ఏం చేయాలి?

నాలుగో చుట్టు · 6 వారాల క్రితం

అందరికీ నమస్కారం. మేము రోజూ సైకిల్ తొక్కే పార్కులో ఇంకో ఆరు వారాలకు ఒక టైమ్ ట్రయల్ పెడుతున్నారు. 2.4 కిలోమీటర్ల చుట్టుబాటను నాలుగుసార్లు తిరగాలి, అంటే మొత్తం 9.6 కిలోమీటర్లు. ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో వదులుతారు. ఒకరి వెనక ఒకరు గాలిచాటున తొక్కడానికి వీల్లేదు. గుంపులో తొక్కడం నాకు మూడేళ్లుగా అలవాటే గానీ ఒంటరిగా గడియారంతో పోటీ పడటం మాత్రం ఇదే మొదటిసారి.

నిన్న తెల్లవారుతూనే, నడక జనం రాకముందు, నాలుగు చుట్లూ ఉన్న బలమంతా పెట్టి తొక్కి చూశాను. చుట్ల సమయాలు వరుసగా 4:02, 4:21, 4:37, 4:44; మొత్తం 17 నిమిషాల 44 సెకన్లు. మొదటి చుట్టులో కాళ్లు ఎంత తేలిగ్గా తిరిగాయంటే, ఇన్నాళ్లూ నన్ను నేను తక్కువగా అంచనా వేసుకున్నానేమో అనిపించింది. మూడో చుట్టు మొదలయ్యేసరికి తొడలు బిగుసుకుపోయాయి, నాలుగో చుట్టులో ఊపిరి అందక రెండుసార్లు పెడల్ ఆపవలసి వచ్చింది.

దారి గురించి చెప్పాలంటే, ఒక వైపు చెరువు గట్టు వెంట చెట్లు లేని జాగా ఉంది, అక్కడ గాలి ఎదురుగా కొడుతుంది. తరువాత 300 మీటర్ల చిన్న ఎత్తు వస్తుంది. అది దాటగానే ఒక విశాలమైన మలుపు, ఆ పైన గేటు దగ్గర దాదాపు వెనక్కి తిరిగినంత ఇరుకు మలుపు. నా సైకిల్ మామూలు రోడ్డు సైకిల్. ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకు వాలి తొక్కడానికి హ్యాండిల్‌కు బిగించే కడ్డీలు) లేవు, పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో చూపే పరికరం) లేదు. గుండె వేగం చూపే పట్టీ, వేగం చూపే చిన్న మీటరు మాత్రం ఉన్నాయి. నాకు కొరవడింది దమ్మా, లేక తొక్కే పద్ధతిలోనే లోపం ఉందా?

ఎదురుగాలి · 6 వారాల క్రితం

మీ అంకెలే మీకు జవాబు చెబుతున్నాయండీ. మీకు దమ్ము కొరవడలేదు, దాన్ని మొదటి నాలుగు నిమిషాల్లోనే ఖర్చు పెట్టేశారు. మొదటి చుట్టుకూ చివరి చుట్టుకూ 42 సెకన్ల తేడా ఉందంటే మీరు మొదలుపెట్టిన వేగం మీ శరీరం పదిహేడు నిమిషాలు మోయగలిగిన వేగం కాదు.

శరీరంలో జరిగేది ఇది. ఒక హద్దు వరకు కండరాలకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ సాయంతో పుడుతుంది, ఆ హద్దుకు లోపల చాలాసేపు తొక్కవచ్చు. హద్దు దాటిన ప్రతి నిమిషం ఒక చిన్న నిల్వలోంచి అప్పు తెచ్చుకున్నట్టే. ఆ నిల్వ మళ్లీ నిండాలంటే హద్దుకు దిగువకు వచ్చి తీరాలి, అంటే వేగం తగ్గించుకోవాలి. మొదటి చుట్టులో తెలియకపోవడానికి కారణం కూడా ఉంది: ఉత్సాహంలో బాధ ఆలస్యంగా తెలుస్తుంది, గుండె వేగం కూడా శ్రమకు తగ్గ స్థాయికి చేరడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. అందుకని మొదటి చుట్టులో పట్టీ చూపే అంకెను నమ్మకండి, ఊపిరిని నమ్మండి. చిన్న వాక్యం ఒకటి తెగిపోకుండా చెప్పగలిగేంత ఊపిరి మొదటి చుట్టు చివర మిగిలి ఉండాలి, రెండో చుట్టు చివర రెండు మూడు మాటలకే సరిపోవాలి, ఆ తరువాత మాట్లాడాలనే ఆలోచనే రాకూడదు.

మీ సగటు చుట్టు 4:26. వచ్చే వారం మొదటి చుట్టును 4:26 కంటే వేగంగా తొక్కనని మీకు మీరే మాట ఇచ్చుకుని మళ్లీ ప్రయత్నించండి. మొదటి రెండు నిమిషాలు మరీ నెమ్మదిగా వెళుతున్నట్టు అనిపిస్తుంది, అయినా ఆగండి.

లెక్కల మాస్టారు · 6 వారాల క్రితం

ఎదురుగాలి గారి మాటకు నా వైపు నుంచి కొంత లెక్క జోడిస్తాను. చదునైన దారిలో మనల్ని ఆపేది ప్రధానంగా గాలి. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు, హ్యాండిల్ కింది కొమ్ములు పట్టుకుని ఒక మాదిరిగా వంగిన భంగిమ అనుకుంటే, గాలి లేని చోట గంటకు 30 కిలోమీటర్ల వేగానికి సుమారు 145 వాట్లు కావాలి, 35 కిలోమీటర్లకు సుమారు 215 వాట్లు కావాలి. వేగం ఆరో వంతు పెరగడానికి శ్రమ దాదాపు సగం పెరిగిందన్నమాట.

ఇదే లెక్కన మీ మొదటి చుట్టు గంటకు 35.7 కిలోమీటర్లు, సుమారు 225 వాట్లు. మీ మొత్తం సగటు 32.5 కిలోమీటర్లు; దాన్ని నిలకడగా తొక్కి ఉంటే సుమారు 177 వాట్లతో సరిపోయేది. సగటు మీద 24 సెకన్లు మిగుల్చుకోవడానికి దాదాపు 50 వాట్లు అదనంగా పెట్టారు. అంత ధర పోసి కొన్న సెకన్లన్నీ చివరి రెండు చుట్లలో వాపసు ఇచ్చేశారు.

పిడికిలి · 6 వారాల క్రితం

ఒక సందేహం అడగనివ్వండి. గొప్ప గొప్ప పోటీదారులు మొదటి నుంచీ విరుచుకుపడలేదా? 1972లో బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంట రికార్డు (ఒక గంటలో ఒంటరిగా తొక్కిన అత్యధిక దూరం) నెలకొల్పినప్పుడు మొదటి పది కిలోమీటర్లను భయంకరమైన వేగంతో తొక్కాడని చదివాను. జాగ్రత్తగా మొదలుపెట్టేవాడు జాగ్రత్తగానే ఓడిపోతాడని నా అభిప్రాయం.

లెక్కల మాస్టారు · 6 వారాల క్రితం

పిడికిలి గారూ, మీరు చదివింది నిజమే. మెర్క్స్ ఆ రోజు మొదటి 10 కిలోమీటర్లను 11 నిమిషాల 53 సెకన్లలో దాటాడు, అంటే గంటకు దాదాపు 50.5 కిలోమీటర్లు. గంట ముగిసేసరికి ఆయన తొక్కిన దూరం 49.431 కిలోమీటర్లు. చరిత్రలో దూకుడుగా మొదలుపెట్టిన ప్రయత్నంగా చెప్పుకునే దానిలో కూడా మొదటి పది కిలోమీటర్ల వేగం మొత్తం సగటు కంటే సుమారు 2 శాతమే ఎక్కువ. నాలుగో చుట్టు గారి మొదటి చుట్టు వేగం తన సొంత సగటు కంటే 10 శాతం ఎక్కువ. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టలేము.

పిడికిలి · 6 వారాల క్రితం

ఆ 2 శాతం సంగతి నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తెల్లవారుజాము · 6 వారాల క్రితం

మొదట చూడవలసింది వేగ నియంత్రణే, నిజం. అయితే పార్కులో జరిగే ట్రయల్‌ను తిన్నటి రోడ్డు మీది ట్రయల్‌లా చూడటం వల్ల చాలామంది సెకన్లు పోగొట్టుకుంటున్నారని పదే పదే గమనించాను. మీరు రాసిన ఇరుకు మలుపు నాలుగుసార్లు వస్తుంది. దాన్ని ఎలా దాటుతున్నారు?

నా మొదటి పార్కు ట్రయల్‌లో నేను చేసింది చెబుతాను. మలుపు మధ్యలోకి వచ్చాక భయం వేసి బ్రేకు నొక్కేదాన్ని. మలుపులో సైకిల్ వంగి ఉన్నప్పుడు బ్రేకు నొక్కితే టైరు పట్టులో కొంత బ్రేకుకే పోతుంది, తిరగడానికి మిగిలేది తగ్గిపోతుంది. సైకిల్ బయటి అంచుకు జరిగిపోతుంది, ఇంకా భయం వేస్తుంది, ఇంకా నొక్కుతాం. పైగా పెద్ద గేరులోనే మలుపులోకి వెళ్లడం వల్ల బయటికి వచ్చేటప్పుడు నిలబడి, పళ్లు బిగబట్టి పెడల్ తొక్కి వేగం తెచ్చుకోవలసి వచ్చేది. ప్రతి చుట్టులో అలా ఒక చిన్న పరుగు పందెం అదనంగా చేశాను.

ఆ తరువాత వరుసగా మూడు ఉదయాలు పార్కుకు వెళ్లి ఆ ఒక్క మలుపునే ముప్పై నలభై సార్లు తిరిగాను. మలుపుకు ముందున్న బెంచీని గుర్తు పెట్టుకుని, బెంచీ దగ్గర బ్రేకు నొక్కడం మొదలుపెట్టి, మలుపులోకి వంగే ముందే వదిలేయడం నేర్చుకున్నాను. గేరు కూడా అక్కడే రెండు మెట్లు తగ్గించాలి. మలుపుకు బయటి వైపున్న పెడల్ కిందికి ఉంచి ఒంటి బరువంతా ఆ పాదం మీద మోపాలి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు ముగిసే చోట ఉండాలి. చూపు ఎటు పోతే సైకిల్ అటే పోతుంది. బయటి అంచు నుంచి మొదలుపెట్టి లోపలి అంచును తాకుతూ మళ్లీ బయటికి రావాలి, కానీ ఇదంతా నిర్వాహకులు మనకు వదిలిన బాట వెడల్పులోనే జరగాలి. గేటు దగ్గర మురుగు కాలువ మీద ఇనుప మూత ఉంటే అది ఏ గీత మీద పడుతుందో ముందే చూసుకోండి. తడిసిన ఇనుము మీద, రాలిన ఆకుల మీద, సన్నటి ఇసుక మీద టైరుకు పట్టు ఉండదు. పొడి రోజున దాటిన వేగంతో మంచు కురిసిన ఉదయం దాటబోతే పడతారు.

ఇంకొకటి. ఈ సాధనంతా జనం లేని వేళలోనే చేయండి. పార్కు ముందు నడిచేవారిది, ఆ తరువాతే మనది.

ఇనుప చట్రం · 6 వారాల క్రితం

సామగ్రి గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే మొదలుపెడతాను. ట్రయల్ కోసం కొత్తవి కొనే ముందు ఉన్నదాన్ని శుభ్రం చేయండి. చైనును వేలితో ముట్టుకుంటే నల్లటి జిగురు అంటుకుంటోందంటే అది మీ కాళ్ల బలంలో కొన్ని వాట్లను తినేస్తున్నట్టే. చైను కడిగి, ఆరబెట్టి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలిన నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. చక్రం ఎత్తి తిప్పి చూడండి, బ్రేకు దిమ్మ రాసుకుంటూ ఉంటే ఆ సన్నటి శబ్దం నిశ్శబ్దంలోనే వినిపిస్తుంది.

టైరులో గాలి విషయంలో చాలామందికి ఉన్న నమ్మకం తప్పు. రాయిలా గట్టిగా కొడితే వేగంగా పోతుందనుకుంటారు. నున్నటి ట్రాక్ మీద అది కొంత నిజమే, కానీ పార్కు బాటలాంటి గరుకు నేల మీద మరీ గట్టి టైరు ప్రతి చిన్న గతుకుకూ ఎగిరిపడుతుంది, ఆ ఎగరడంలో మన శక్తి వృథా అవుతుంది, మలుపులో పట్టు కూడా తగ్గుతుంది. 25 లేదా 28 మిల్లీమీటర్ల టైరు ఉంటే పక్కన ముద్రించిన గరిష్ఠ ఒత్తిడికి బాగా తక్కువలో మొదలుపెట్టి, మీ బాట మీదే రెండు మూడు ఒత్తిళ్లు పరీక్షించి నిర్ణయించుకోండి.

బట్టల విషయానికి వస్తే, ఒంటికి అతుక్కునే జెర్సీ వేసుకోండి. గాలికి రెపరెపలాడే చొక్కా వల్ల, పైన ఒక్క పిన్నుతో వేలాడే నంబరు కాగితం వల్ల కలిగే నష్టం తేలికైన చక్రాల లాభం కంటే ఎక్కువే ఉంటుంది. నంబరును నాలుగు మూలలా, వీలైతే ఆరు చోట్ల, వీపుకు అతుక్కునేలా గుచ్చించుకోండి. అది కూడా సైకిల్ మీద వంగిన భంగిమలో ఉండగా వేరొకరి చేత గుచ్చించుకోవాలి. నిటారుగా నిలబడి గుచ్చుకుంటే వంగగానే సంచిలా ఉబ్బుతుంది.

లెక్కల మాస్టారు · 6 వారాల క్రితం

ఇనుప చట్రం గారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. కొనదగిన వస్తువు ఒకటుంది: ఏరో బార్లు. గాలి నిరోధంలో ముప్పాతిక భాగం దాకా సైకిల్ వల్ల కాదు, మన ఒంటి వల్ల వస్తుంది. మోచేతులను దగ్గరికి తెచ్చి ఛాతీని కిందికి దించే వస్తువు ఏదైనా సరే, దానికి సాటి మరొకటి లేదు. 1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు సంగతి తెలిసిందే. వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. లారెంట్ ఫిన్యాన్ కంటే 50 సెకన్లు వెనకబడి మొదలుపెట్టిన గ్రెగ్ లెమాండ్ ఏరో బార్ల మీద వాలి గంటకు 54.5 కిలోమీటర్ల సగటుతో తొక్కి, ఆ ఒక్క రోజే 58 సెకన్లు లాగేశాడు. మూడు వారాల పోటీ 8 సెకన్లతో తేలిపోయింది. ఫిన్యాన్ ఏరో బార్లు లేకుండా, హెల్మెట్ లేకుండా, జుట్టు పిలక గాలికి ఎగురుతుండగా తొక్కాడు.

తెల్లవారుజాము · 6 వారాల క్రితం

మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ లెమాండ్ తొక్కింది పోలీసులు మూసివేసిన రహదారి మీద. ఏరో బార్ల మీద వాలినప్పుడు చేతులు బ్రేకుల మీద ఉండవు. పార్కులో తాడు కట్టినా సరే, తాడు కింద నుంచి బంతి దొర్లుకుంటూ వస్తుంది, దాని వెనకే పిల్లవాడు వస్తాడు. చేతిని బార్ల మీద నుంచి బ్రేకుకు తెచ్చేలోపు గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ప్రతి సెకనుకూ పది మీటర్లు ముందుకు పోతాం. ఇలాంటి ఇరుకు బాట పోటీల్లో చాలామంది నిర్వాహకులు ఏరో బార్లను నిషేధించేది అందుకే. నాలుగో చుట్టు గారు ముందు ఆ నిబంధన కనుక్కోవాలి. నిషేధం లేకపోయినా, ఆరు వారాల్లో కొత్తగా అలవాటు చేసుకుని ఇరుకు మలుపులున్న బాట మీద వాడవద్దనే నేను చెబుతాను.

ఎదురుగాలి · 6 వారాల క్రితం

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి మధ్యే మార్గం ఒకటి చెబుతాను. బ్రేకు హుడ్స్ (హ్యాండిల్ మీద బ్రేకు మీటలు బిగించిన పై భాగాలు) పట్టుకునే, మోచేతులను దాదాపు లంబకోణంలో వంచి, ముంజేతులు నేలకు సమాంతరంగా ఉండేలా తొక్కడం సాధన చేయండి. తల భుజాల మధ్యకు దిగాలి, చూపు మాత్రం దారి మీదే ఉండాలి. వేళ్లు బ్రేకుల మీదే ఉంటాయి, గాలికి ఎదురయ్యే ఒళ్లు బాగా తగ్గుతుంది. హ్యాండిల్ మీద ముంజేతులు ఊరికే ఆనించి చేతులు ముందుకు వేలాడదీసే భంగిమను మాత్రం వాడకండి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021లో రోడ్డు పోటీల్లో దాన్ని నిషేధించడానికి కారణం సైకిల్ అదుపు తప్పడమే.

ఈ భంగిమ మొదట్లో రెండు నిమిషాలకే మెడనూ భుజాలనూ పట్టేస్తుంది. పోటీ రోజున పదిహేడు నిమిషాలు నిలవాలంటే కఠిన సాధనలన్నీ ఈ భంగిమలోనే చేయాలి. నిటారుగా కూర్చుని బలం పెంచుకుని, పోటీ రోజున మాత్రం వంగుదామనుకుంటే తుంటి దగ్గర కోణం మారిపోయి కాళ్లలో ఆ బలం రాదు.

ఇక వారానికి రెండు కఠిన సాధనలు చాలు, అంతకు మించితే మీరు అలసటను సాధన చేస్తారు. ఒకటి, ఎనిమిదేసి నిమిషాల చొప్పున మూడు విడతలు, మధ్యలో నాలుగు నిమిషాల విరామం. వేగం మీరు పోటీలో ఆశించే వేగమే, లేదా రవ్వంత ఎక్కువ. మూడో విడత మొదటి విడత కంటే నెమ్మదైతే మొదటి విడత తప్పుగా తొక్కినట్టు లెక్క. రెండోది, పదిహేనేసి నిమిషాలు రెండు విడతలు, పోటీ కంటే ఒక మెట్టు తక్కువలో, పూర్తిగా వంగిన భంగిమలో. మిగతా రోజుల్లో ఒక పొడవాటి నెమ్మది సవారీ, ఒకటి రెండు పొట్టివి, కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. చివరి వారంలో దూరాన్ని సగానికి తగ్గించండి, కానీ ఒకటి రెండు నిమిషాల చురుకైన తొక్కుడులు కొన్ని ఉంచండి. పూర్తిగా మానేస్తే కాళ్లు మొద్దుబారినట్టు అవుతాయి.

నాలుగో చుట్టు · 4 వారాల క్రితం

అందరికీ కృతజ్ఞతలు. నిర్వాహకులను అడిగాను, ఏరో బార్లకు అనుమతి లేదట. నిన్న మళ్లీ నాలుగు చుట్లు తొక్కాను. ఫలితం చూసి నేనే నమ్మలేక మీటరులోని అంకెలను మూడుసార్లు కూడాను. 4:27, 4:24, 4:28, 4:25. మొత్తం 17:44.

మొదటిసారి వచ్చిన సమయమే సెకను తేడా లేకుండా వచ్చింది. కానీ మొదటిసారి తొక్కి దిగాక పది నిమిషాలు గడ్డి మీద పడుకున్నాను, నిన్న దిగీ దిగగానే మామూలుగా నడిచి నీళ్లు తాగాను. నిగ్రహించుకోవడం ఎంత కష్టమో కూడా తెలిసింది. మొదటి చుట్టులో ఒకాయన ఊరికే సరదాగా నన్ను దాటి వెళ్లాడు. ఆయన వెనక పడకుండా ఉండటానికి మీటరు మీద నుంచి చూపు తిప్పకుండా తొక్కవలసి వచ్చింది.

ఒక సందేహం మిగిలింది. చెరువు గట్టు మీద ఎదురుగాలి, వెనక్కి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి. గుండె వేగాన్ని రెండు చోట్లా ఒకేలా ఉంచాలా?

లెక్కల మాస్టారు · 4 వారాల క్రితం

ఎదురుగాలిలో రవ్వంత ఎక్కువ, వెనకగాలిలో రవ్వంత తక్కువ పెట్టాలి. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. 5 కిలోమీటర్లు 30 వేగంతో వెళ్లి, తిరిగి 5 కిలోమీటర్లు 40 వేగంతో వచ్చారనుకోండి. పోను 10 నిమిషాలు, రాను ఏడున్నర, మొత్తం 17 నిమిషాల 30 సెకన్లు. అదే 10 కిలోమీటర్లను నిలకడగా 35తో తొక్కితే 17 నిమిషాల 9 సెకన్లు. నెమ్మదైన భాగంలో మనం ఎక్కువసేపు గడుపుతాం, అందుకని అక్కడ పోయింది వేగవంతమైన భాగంలో పూర్తిగా తిరిగి రాదు. కాబట్టి కొంచెం అదనపు బలం పెట్టదలిస్తే గట్టు మీదా, 300 మీటర్ల ఎత్తులోనూ పెట్టండి. కొంచెమంటే కొంచెమే, ఎత్తు చివరకు చేరేసరికి రొప్పు రాకూడదు. ఎత్తు దాటిన వెంటనే కాళ్లు వదిలేయడం చాలామందికి అలవాటు. పైకి చేరాక ఇంకో పది పెడళ్లు అదే బలంతో తొక్కి వేగం అందుకున్నాకే ఊపిరి తీసుకోండి.

స్టాప్‌వాచ్ · 3 వారాల క్రితం

నేను తొక్కేవాడిని కాదు, చాలా ఏళ్లుగా ఇలాంటి పోటీల్లో సమయం రాసేవాడిని. బల్ల ఈవల కూర్చుని చూసినవి కొన్ని చెబుతాను.

మీ వంతు సమయం గడియారం ప్రకారం మొదలవుతుంది, మీరు గీత దగ్గరికి వచ్చినప్పుడు కాదు. వార్మప్ చేస్తూ దూరం వెళ్లిపోయి 40 సెకన్లు ఆలస్యంగా వచ్చినవారికి ఆ 40 సెకన్లూ ఫలితంలోనే చేరతాయి. నిర్వాహకుల గడియారంతో మీ గడియారాన్ని ఉదయమే సరిచూసుకోండి. పదిహేను ఇరవై నిమిషాల వార్మప్, అందులో మూడు నాలుగు చిన్న చురుకైన తొక్కుడులు, అది మీ వంతుకు ఐదారు నిమిషాల ముందు ముగియాలి.

గీత దగ్గర ఒక వాలంటీరు సీటు వెనక నుంచి పట్టుకుంటారు, రెండు పాదాలూ పెడళ్లలో బిగించుకుని ఉండవచ్చు. మొదటిసారి వచ్చేవారు ఇక్కడే తడబడతారు: పట్టుకున్న మనిషిని నమ్మక హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పుతారు. నడుము వదులుగా ఉంచి, బ్రేకులు రెండూ నొక్కి పట్టండి, సైకిల్ స్తంభంలా నిలుస్తుంది. ఐదు నుంచి లెక్క మొదలవగానే బ్రేకులు వదిలి, ముందు పాదాన్ని రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చుకోండి. గేరు మధ్యస్థంగా ఉండాలి; పెద్ద గేరులో మొదలుపెట్టి గీత దగ్గరే ఊగిపోయినవారిని ఎందరినో చూశాను.

నాలుగు చుట్ల పోటీలో నిమిషం తేడాతో వదిలితే ఒకరినొకరు దాటడం తప్పదు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం దాటేవారు పక్కకు కనీసం 2 మీటర్లు ఎడంగా పోవాలి, దాటబడినవారు కిలోమీటరు తరువాత కూడా వెనకే ఉంటే కనీసం 25 మీటర్ల దూరం పాటించాలి. ఇరుకు పార్కు బాటలో పక్కకు అంత ఎడం దొరకదు కాబట్టి నిర్వాహకులు వేరే నియమం పెడతారు, పోటీకి ముందు చెప్పే మాటలను శ్రద్ధగా వినండి. దాటబోయే ముందు బిగ్గరగా 'కుడి పక్కకు వస్తున్నా' అనో, ఏ పక్కైతే ఆ పక్కో చెప్పండి. మౌనంగా దూసుకుపోవద్దు.

ఈ పోటీ పుట్టుకలోనే ఆ మర్యాద ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లాండు రోడ్ల మీద గుంపు పోటీల వల్ల ఇతరులకు ఇబ్బంది కలిగి, పోలీసులు అడ్డుకునే పరిస్థితి వచ్చినప్పుడు, 1895లో బిడ్లేక్ అనే ఆయన ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలే పద్ధతిని నడిపించాడు. తెల్లవారుజామున, నల్లటి బట్టల్లో, ఎవరి దృష్టినీ ఆకర్షించకుండా తొక్కేవారు. ఒంటరిగా వదిలేది గడియారం కోసం మాత్రమే కాదు, దారిలో ఉన్న ఇతరుల కోసం కూడా.

ఇనుప చట్రం · 9 రోజుల క్రితం

నాలుగో చుట్టు గారూ, చివరి వారం కొత్తవి ఏవీ బిగించవద్దు. సీటు ఎత్తు మార్చవద్దు, కొత్త బూట్లు వేయవద్దు. పోటీకి ముందు రోజు అన్ని బోల్టులూ ఒకసారి బిగువు చూసి, టైరు చుట్టూ వేలితో తడిమి గాజు పెంకు, ముల్లు లాంటివి ఉన్నాయేమో చూసుకోండి. భోజనం పోటీకి రెండున్నర మూడు గంటల ముందే ముగించండి. పదిహేడు నిమిషాల శ్రమకు మధ్యలో తినవలసిన పని లేదు.

నాలుగో చుట్టు · 2 రోజుల క్రితం

నిన్న ఉదయం పోటీ జరిగింది. 4:18, 4:16, 4:17, 4:11. మొత్తం 17 నిమిషాల 2 సెకన్లు. మొదటి ప్రయత్నం కంటే 42 సెకన్లు తగ్గింది. మొదటి చుట్టుకూ చివరి చుట్టుకూ ఉన్న తేడాగా ఎదురుగాలి గారు మొదటి రోజు చూపించింది కూడా సరిగ్గా ఆ 42 సెకన్లే. వయసు విభాగంలో ఇరవై ఆరుగురిలో పదకొండో స్థానం వచ్చింది.

గీత దగ్గర స్టాప్‌వాచ్ గారి మాటలు గుర్తుకు వచ్చి బ్రేకులు నొక్కి పట్టాను, సైకిల్ కదలలేదు. రెండో చుట్టులో గట్టు మీద నా తరువాత వదిలిన ఆయన ఊపిరి నా వెనకే వినిపించింది, ఎత్తు మొదలవకముందే దాటేశాడు. ఆయన వెంట పడకుండా ఉండటమే ఆ ఉదయం నేను చేసిన అతి కష్టమైన పని. మూడో చుట్టు చివర గేటు మలుపుకు ముందు ఆయనే మళ్లీ కనిపించాడు, భుజాలు ఊగిపోతున్నాయి. నాలుగో చుట్టు ఎత్తులో పక్కకు చెప్పి దాటాను.

గేటు మలుపు గురించి తెల్లవారుజాము గారికి ప్రత్యేకంగా చెప్పాలి. మూడో చుట్టులో నేను బెంచీ దగ్గర బ్రేకు నొక్కడం మొదలుపెట్టగానే, మలుపు అవతల ఒక పెద్దావిడ తాడు ఎత్తుకుని బాట దాటుతూ కనిపించారు. అక్కడి వాలంటీరు ఈల వేసేసరికి ఆవిడ కంగారుపడి బాట మధ్యలోనే నిలబడిపోయారు. నా వేళ్లు బ్రేకుల మీదే ఉన్నాయి. దాదాపు ఆగినంత పని చేసి, ఆవిడ వెనక నుంచి నెమ్మదిగా దాటి మళ్లీ మొదలుపెట్టాను. నాలుగైదు సెకన్లు పోయి ఉంటాయి. వాటిని వెంటనే రాబట్టుకోవాలని కాళ్లు తొందరపడ్డాయి, కానీ రాబట్టుకుంటే దాని ధర ఎంతో మాస్టారి లెక్క గుర్తుంది కాబట్టి గట్టు దాకా మామూలు ఊపిరితోనే వెళ్లాను. చివరి చుట్టులో మిగిలినదంతా పెట్టాను.

తెల్లవారుజాము · 2 రోజుల క్రితం

హృదయపూర్వక అభినందనలు. మీ 17:02 చూసి సంతోషించాను, ఆవిడకు ఏమీ కాకపోవడం చూసి ఇంకా సంతోషించాను. ఆ మలుపు దగ్గర ఒక్క వాలంటీరే ఉన్నారా?

నాలుగో చుట్టు · నిన్న

అవునండీ, ఒక్కరే ఉన్నారు, ఆయన మలుపు లోపలి వైపు నిలబడ్డారు. నడకదారి వచ్చి కలిసే చోటు ఆయనకు కనిపించదు.

స్టాప్‌వాచ్ · నిన్న

అలాంటి మలుపుకు ఇద్దరు కావాలి: ఒకరు నడిచేవారికి ఎదురుగా, మలుపుకు ముప్పై అడుగుల ముందు, ఇంకొకరు సైకిళ్లు వచ్చే వైపు జెండాతో. ఈల వినగానే ఎవరైనా ఉన్నచోటే ఆగిపోతారు. అందుకని నడిచేవారిని ఈలతో కాదు, దగ్గరికి వెళ్లి మాటతో ఆపాలి. ఈ విషయం మీ నిర్వాహకులకు రాసి పంపండి, తొక్కినవారు చెబితే వింటారు.

నాలుగో చుట్టు · 3 గంటల క్రితం

రాసి పంపాను. రెండో మనిషి దొరకడం లేదని జవాబు వచ్చింది. వచ్చే ట్రయల్‌లో నా వంతును చివరి వరుసలో వేస్తే అంతవరకు ఆ నడకదారి దగ్గర నేనే నిలబడతానని చెప్పాను, ఒప్పుకున్నారు. వార్మప్‌కు ఇరవై నిమిషాలు ముందుగా నన్ను వదిలేలా ఇంకొకరిని చూస్తామన్నారు.